దింపుడు పాట

బొంబాయి కామాటిపుర తెలుగు చర్చిలో క్వైరు అంటే వజ్రమ్మే. తట్టలు మోసే ఆడవాళ్లను పోగుచేసి, ఒక్కొక్కరి చెవిలో పాడి పాటలు నేర్పిన మనిషి. ఎనభై అయిదులో గిటారు, డ్రమ్ములతో కుర్రాళ్ల ప్రెయిజ్ టీం వచ్చింది. క్వైరు వెనక బెంచీకి పోయింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని వజ్రమ్మ మూతి ముడుచుకుంది. వాళ్ల పాటలకు పెదవి కలిపితే ఒట్టు!

చర్చికి ఎదురు చాల్‌లో, ఒంటిగది ఇంట్లో ఆమె మొగుడు దుర్గయ్య మంచం పట్టి ఉన్నాడు. ఏళ్ల తరబడి సిమెంటు దుమ్ము మింగిన ఛాతీ. ఆమె భయమంతా ఆయన గురించే.

ఆ ఆదివారం టీం నాయకుడు సామ్యేల్ గిటారు మీటి, చప్పట్లు కొట్టమంటూ ‘పయనమైతి’ అని ఓ పాట ఎత్తాడు. వెనక బెంచీ బిగుసుకుపోయింది. అది దింపుడు పాట. శవపెట్టెను గోతిలోకి దించేటప్పుడు మాత్రమే క్వైరు పాడేది. కప్పు కింద ఎత్తకూడదు, ఎత్తితే సగంలో వదలకూడదు. వదిలిన పాట మనిషిని వెతుక్కుంటుందని పెద్దల మాట.

"ఆపురా!" అని వజ్రమ్మ లేచింది.

మరాఠీ బడిలో చదివిన సామ్యేల్ బిత్తరపోయాడు. "ఏమైంది మావ్శీ? పయనమైతి అంటే సఫర్ పాటే కదా!"

"ఏ సఫరో ఎరికేనా? గోతికాడ పాడేది గది!"

వాడి మొహం పాలిపోయింది. "మరి మిగిలింది మీరే పాడుండ్రి. ఆఖరి చరణం నాకు రాదు."

అందరూ ఆమె వైపే చూశారు. వెనక్కి నెట్టినవాళ్ల తప్పు నేనెందుకు మొయ్యాలన్న పౌరుషం ఒకటి, ఆ మాటలు పలకాలంటే భయం ఒకటి. కూర్చుండిపోయింది. పాస్టరు గబగబా ప్రార్థన ముగించాడు.

ఇంటి మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. లోపల దగ్గు వినపడ్డాక గానీ ప్రాణం కుదుటపడలేదు.

"ఎవలు పోయిన్రే?" అన్నాడు దుర్గయ్య. "కిడికీలకెల్లి దింపుడు పాట ఇనొచ్చింది."

"ఎవ్వలు పోలే."

"మరి ఎవలకు పాడిన్రు?"

వజ్రమ్మ గ్లాసులో నీళ్లు పోసింది. సగం కింద ఒలికాయి.

"ఆఖరి చరణం ఇనరాలే," అన్నాడు కళ్లు మూసుకుని. "జెర నువ్వు పాడు వజ్రా. నీ గొంతులనే ఇనాలె."

ఎన్ని గోతుల దగ్గరో తొణకకుండా పాడిన మనిషి. కిటికీ మూసొచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"పాడవేందే?" అన్నాడు దుర్గయ్య.