ఎలుకల ముద్ద

ఎలుగుబంటి వాసన మీకు తెలుసా? తడిసిన గడ్డి, మగ్గి కుళ్ళిన అరటిపండ్లు, మూత్రం, ఎండకు కాగిన ఇనుము, వీటన్నిటి కింద ఉతకని గొంగళి వాసన లాంటిది ఒకటి కలిసి ముక్కుకు తగులుతుంది. పోయిన నెల నా కూతురు గ్రేసు, అల్లుడు, వాళ్ళ పదిహేనేళ్ళ పిల్ల షరోన్ నన్ను కారులో కూర్చోబెట్టుకుని జంతువుల పార్కుకు తీసుకుపోయారు. ఇప్పుడు ఎలుగుబంటికి బోను లేదు. కందకం ఉంది, ఇవతల నడుము ఎత్తు గోడ ఉంది, గోడ మీద అది ఏం తింటుందో, ఎన్నేళ్ళు బతుకుతుందో మూడు భాషల్లో రాసిన పలక ఉంది. చదివి నాకు ఒళ్ళు మండింది. రాతిదుమ్ము పీల్చి పీల్చి చచ్చిన మా గనివాళ్ళు ఏం తిన్నారో, ఎన్నేళ్ళు బతికారో రాసిన పలక మా కోలారు గోల్డ్ ఫీల్డ్స్ మొత్తంలో ఎక్కడుందో ఎవరైనా చూపిస్తే వాళ్ళకు దండం పెడతాను.

"తాతా, ఏంటికట్ల నిలబడిపోయినావు? పులుల బస్సు పోతాది, రా" అంది షరోన్, చెవిలోని తీగ ఒకవైపు ఊడదీసి.

"ఈ వాసన నాకు తెలుసు పాపా."

"నీకెట్ల తెలుసు? మీ గనిలో ఎలుగుబంట్లు కూడా ఉన్న్యా?"

"ఎలికలుండె" అన్నాను. పులుల బస్సు వెళ్ళిపోయింది.

మేము పుట్టి పెరిగింది గనివాళ్ళ లైన్లలో. ఒక్కొక్క లైనుకు ఒకదానికొకటి అతుక్కున్న ఒంటిగది ఇళ్ళు, వెదురు తడికకు మట్టి మెత్తిన గోడలు, పైన రేకు. పక్కింట్లో తిరగమాత పెడితే మేము తుమ్మేవాళ్ళం, మేము కొట్లాడుకుంటే వాళ్ళు తీర్పు చెప్పేవాళ్ళు. రోజుకు మూడుసార్లు గని సైరను కూసేది, అదే మాకు గడియారం. చలికాలం గాలి తిరిగితే బంగారం తీసేసిన పిండిమట్టి సైనైడు దిబ్బల మీదనుంచి లేచి వచ్చి సంగటి మీద, ఆరేసిన బట్టల మీద, నిద్రపోతున్న పసిబిడ్డల కనురెప్పల మీద తెల్లగా కూర్చునేది. మేమేమో ఆ దిబ్బల మీదే పాత రేకుముక్కలేసుకుని పైనుంచి కిందికి జారేవాళ్ళం, విషమని మాకెవరూ చెప్పలేదు, చెప్పాల్సినవాళ్ళు బంగళాల కిటికీలు మూసుకుని కూర్చున్నారు. అనపకాయల కాలమొస్తే లైను ఆడవాళ్ళంతా గుమ్మాల్లో కూర్చుని నానిన గింజలను బొటనవేలితో పితుకుతుంటే, తొక్క ఊడిన పప్పు జారి ఎగిరి ఎవరి చెంపకో తగిలేది, ఆ సాయంత్రం లైనంతా పితికిపప్పు కూర ఘుమఘుమలాడేది. క్రిస్మసుకు అమ్మ చేసిన కజ్జికాయలు గోడ అవతలికి పోయేవి, కురుడుమలె గణపతికి పోయొచ్చిన పక్కింటివాళ్ళ కొబ్బరిముక్కలు గోడ ఇవతలికి వచ్చేవి.

మా నాయన చిన్నప్ప గనిలో రాతికి తూట్లు వేసే మిషను పట్టేవాడు. నేల కింద అంత లోతున రాయి ఎప్పుడు పగిలి మీద పడుతుందో ముందుగా తెలుసుకోవడానికి దొరల దగ్గర ఏ యంత్రాలుండేవో నాకు తెలియదు, మావాళ్ళ దగ్గర ఎలుకలుండేవి. గిన్నె మూత తీయగానే ఎలుకలు చుట్టూ చేరేవట. మొదటి ముద్ద వాటికి పెట్టి, అవి నెమ్మదిగా తింటుంటేనే నాయన తను తినేవాడు. అవి రాకపోయినా, వచ్చి తినకుండా పరుగెత్తినా, గిన్నె అక్కడే వదిలి లేచిపోవాలి. ఒకసారి అలాగే లేచి, పక్కనున్న ఇద్దరినీ చొక్కా పట్టుకుని ఈడ్చుకుపోయాడు. వాళ్ళు మలుపు తిరిగేలోగా వెనకాల రాయి కూలింది. అందుకే అమ్మ రోజూ ఒక ముద్ద ఎక్కువ కట్టేది, కడుతూ గొణిగేది.

"బిడ్డలకి రెండోసారి వడ్డించేకి లేదు, ఎలికలకి మాత్రం పండగ!"

"అవి తింటేనే కదా మే, నేనింటికొచ్చేది" అనేవాడు నాయన, నవ్వుతూ.

నాకు పదమూడో ఏడు నడుస్తున్నప్పుడు, క్రిస్మసు సెలవుల్లో రెండు మూడు లైన్లవాళ్ళు కలిసి ఒక లారీ మాట్లాడుకుని పట్నంలోని జంతుశాల చూడటానికి బయలుదేరారు. దాని పేరెందుకులెండి. పండక్కి కుట్టించిన నా మొదటి పొడుగు ప్యాంటు వేసుకున్నాను. అమ్మ చిత్రాన్నం కలిపి రెండు పెద్ద గిన్నెల్లో కుక్కింది. లారీ ముందు భాగంలో, డ్రైవరు పక్కన, గని ఆఫీసు గుమాస్తా ఒకాయన కుటుంబంతో కూర్చున్నాడు. వాళ్ళబ్బాయి రఘు నా ఈడువాడు, ఇంగ్లీషు బడి, కాళ్ళకు బూట్లు. తోడుకు ఇంకెవరూ లేక జంతుశాలలో నా వెంట పడ్డాడు. నేనప్పటికే బడి మానేసినా, అంగడివాడు పొట్లం కట్టిచ్చిన కాగితం ముక్కను కూడా చదవకుండా పారేసేవాణ్ణి కాదు. చిరుతకూ చీతాకూ తేడా చెప్పేసరికి వాడు నోరు తెరిచాడు. ఆఫీసు పిల్లవాడు నన్ను సమానంగా చూడటం నాకు కల్లు తాగినట్టుంది. "మీ నాయన ఏం పనప్పా?" అన్నాడు. "ఆఫీసులో" అన్నాను. ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

మధ్యాహ్నం లారీవాళ్ళంతా ఎలుగుబంటి బోను పక్కనున్న నీడలో అన్నాలకు కూర్చున్నారు. నేనూ రఘూ కొంచెం ఎడంగా నిలబడి బోనువైపే చూస్తున్నాం. నాయన గిన్నె మూత తీశాడు. ఇన్నేళ్ళుగా ఆలోచించి నాకు అర్థమైనదేమిటంటే, ఆ ఇనుప కడ్డీల పక్కన, ఆ జంతువు వాసనలో మూత తీసేసరికి ఆయన చెయ్యి ఆయన్ని అడగలేదు. మొదటి ముద్ద తీసి, వంగి, కడ్డీల అంచున పెట్టింది. ఎలుగుబంటి పంజా బయటికొచ్చింది, ఆడవాళ్ళు కేకలు పెట్టారు, కాపలావాడు కర్ర ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"బుద్ధి ఇల్వా నినగె?" అని కన్నడంలో మొదలుపెట్టి, ఎదుటివాడి ముఖం చూసి తెలుగులోకి దిగాడు. "చెయ్యి పోయుంటే ఎవుడ్రా జవాబు చెప్పేది?"

"తప్పైపోయె సారూ. అది తినకుంటే మనకి కీడని..." అన్నాడు నాయన.

చుట్టూ మూగిన జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వుతో కాపలావాడికి ఊపొచ్చింది. కింద రాలిన మెతుకులు ఒక్కొక్కటీ ఏరించాడు. చెవులు పట్టుకుని గుంజీలు తియ్యమన్నాడు. గనిలో ఇద్దరి ప్రాణాలు కాపాడిన మనిషి, పసుపు మెతుకులంటిన వేళ్ళతో చెవులు పట్టుకుని గుంజీలు తీశాడు.

రఘు పడీపడీ నవ్వుతూ, "ఎవురప్పా ఈ జోకరు? మీవాడా?" అన్నాడు.

"కాదు. మా లైన్లో ఎవురో" అన్నాను.

నాయన నాలుగు బారల దూరంలో ఉన్నాడు. కూర్చున్నవాడు లేవకుండా అలాగే తలెత్తాడు. రఘు బూట్లు చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ తల దించుకుని మిగిలిన గుంజీలు తీశాడు.

పొద్దు వాలే వేళకు లారీ దగ్గర పక్క లైను మేస్త్రి తలలు లెక్కపెడుతున్నాడు. నేను రఘు పక్కన నిలబడి ఉన్నాను. "ఈ పిల్లోడు ఎవురోడు? యాడ కూచోబెట్టేది?" అన్నాడు నన్ను చూసి. అమ్మ నోరు తెరిచేలోగా నాయన అందుకున్నాడు.

"మా లైన్లో పిల్లోడేలేప్పా. ఎక్కించు."

నా అబద్ధాన్ని నాకోసం ఆయన మోశాడు. కోపంతో అన్నా బాగుండేది. ఆ తర్వాత ఆరేళ్ళు బతికాడు, రోజూ ఒక ముద్ద ఎక్కువ పట్టుకుని గనిలోకి దిగాడు, ఎలుకలు ఆయన్ని ఇంటికి పంపిస్తూనే వచ్చాయి. దుమ్మును మాత్రం ఏ ఎలుకా పసిగట్టలేకపోయింది. చివరి నెలల్లో గోడకు ఆనించి కూర్చోబెట్టి వీపు రాసేవాణ్ణి. మాట నాలుక దాకా వచ్చేది. రేపు చెబుదాంలే అనుకునేవాణ్ణి.

"అంటే సారీనే చెప్పలేదా?" అంది షరోన్, ఎలుగుబంటి గోడ దగ్గరే నిలబడి ఇదంతా విని.

"లేదు."

"ఇంగేమిలే తాతా. ఆయనకి తెలిసే ఉంటాది."

"తెలుసు కాబట్టే" అన్నాను, గట్టిగానే. కూతురు వెనక్కి తిరిగి, ఇక్కడ కూడా మొదలుపెట్టినావా అన్నట్టు చూసింది.

పోయిన వారం ఇంకొకటి జరిగింది. నేనిప్పటికీ నాయన ఉన్న ఆ లైను ఇంట్లోనే ఉంటున్నాను. గనిలో పనిచేసినవాళ్ళ వారసులకు ఆ ఇళ్ళు రాసిస్తామంటే, ఫోనులో దరఖాస్తు నింపడానికి షరోన్‌ను తోడు పిలుచుకుని ఒక ఆఫీసుకు పోయాను. బల్ల అవతలి కుర్రవాడు మర్యాదస్తుడే. "చిన్నప్పకి నువ్వేమైతావు పెద్దాయనా?" అన్నాడు. కొడుకుని అన్నాను. రుజువు అడిగాడు. నా కార్డులో ఉన్న నాయన పేరు చాలదట, పాత కాగితం కావాలట. గని మూసినప్పుడు పేర్ల పుస్తకాలు ఎక్కడ పడేశారో ఎవరికీ తెలియదు. చర్చిలో నా జ్ఞానస్నానం రాసిన పుటలు చెదలు తిన్నాయి. నేను చదివిన బడి గోడలు కూడా లేవు. పోనీ ఆయన కొడుకువని ఎరిగిన ఇద్దరు పెద్దవాళ్ళ సాక్ష్యమన్నా తెమ్మన్నాడు. ఎవరిని తెచ్చేది? లారీ ఎక్కినవాళ్ళంతా ఒక్కొక్కరే మట్టిలోకి పోయారు, మా లైన్లో సగం ఇళ్ళకు రేకులు లేవు, సైరను కూయదు, గని నిండా నీళ్ళు.

"నేను చిన్నప్ప కొడుకుని!" అని అరిచాను. ఆఫీసంతా తిరిగి చూసింది.

"తాతా, మెల్లగా" అని షరోన్ నా చెయ్యి పట్టుకుంది.

"నేను నమ్మినాను పెద్దాయనా" అన్నాడు ఆ కుర్రవాడు. "అది నమ్మల్ల కదా" అని ఫోనువైపు చూపించాడు.

కార్మికుడితో సంబంధం అన్నచోట షరోన్ 'కొడుకు' అని కొట్టింది. రుజువు జతచేయమని ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఆ మాట చెరిగిపోయింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ చెరిగిపోయింది.