మురికి కోసం అర్జీ

మా సరస్సు బాగుపడింది ఎవరివల్ల అంటే ఊరంతా ఇసోబే కాన్జిరో పేరే చెబుతుంది. గుల్లలు ఎవరివల్ల పోయాయి అన్నా అదే పేరు చెబుతుంది.

కాన్జిరో గుల్లలు పట్టేవాడు. నడుము లోతు నీళ్లలో నిలబడి, పొడుగు కర్రకు బిగించిన ఇనుప పళ్ల బుట్టతో అడుగు ఇసుక గీకి తీసేవాడు. ఒకప్పుడు చుట్టుపక్కల ఇళ్ల మురుగంతా సరస్సులోకే వచ్చేది. ఎండాకాలంలో నీళ్లు ఎర్రబడి చేపలు చచ్చి తేలేవి. ఒక ఆగస్టులో అతను ఆ నీళ్లు మూతబకెట్టులో పట్టుకెళ్లి మేయరు బల్ల మీద పెట్టి, "మూత నన్ను తియ్యమంటారా, మీరే తీస్తారా?" అని అడిగాడు. ఆ తర్వాత సరస్సు రక్షణ సంఘం పెట్టి పదకొండేళ్లు తిరిగాడు. చివరికి మురుగునీటి శుద్ధి కేంద్రం వచ్చింది.

నీళ్లు తేటపడ్డాయి. పడవలోంచి చూస్తే అడుగున పడిన సీసా మీది పేరు చదవొచ్చు. పట్నంవాళ్లు ఫొటోలు తీసుకోవడానికి వచ్చారు.

గుల్లలు మాత్రం ఏటేటా తగ్గాయి. దొరికినవాటిలోనూ చిప్పే తప్ప మాంసం గోరంత. భార్య ఫుసానో వాటిని మిసో అనే సోయా ముద్ద వేసి ఉడికించి, ఇవాళ చిప్పల చారు అని వడ్డించేది. చలికాలం తినడానికి వలల మీద పెంచే నాచు నల్లగా నిగనిగలాడాల్సింది, ఎండుగడ్డి రంగుకు దిగింది. జాలర్లు తుఫానుల్ని తిట్టారు, గుల్లలు మేసే నల్లచేపల్ని తిట్టారు, పక్కూరివాళ్లనూ తిట్టారు.

అప్పుడు మత్స్య పరిశోధన కేంద్రం నుంచి కురియామ అనే అమ్మాయి వచ్చింది. సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గర, కాన్జిరో పడవలో కూర్చుని, పోటులోనూ పాటులోనూ గంటకోసారి సీసాలు నింపింది. ఏడాది అలా నింపాక సంగతి చెప్పింది. నాచుకీ, గుల్లలు తినే కంటికానని పాచికీ నత్రజని, భాస్వరాలే ఎరువు. మునుపు సరస్సు తాను తిన్నాక మిగిలింది పాటు మీద సముద్రానికి పంపేది. ఇప్పుడు మురుగులో వచ్చే ఆ ఎరువు ఆగిపోయింది, పోటు తెచ్చేది కాస్తే, ఆ కాస్తా పాటు పట్టుకుపోతోంది.

కాన్జిరో తెడ్డు పడవలో పెట్టాడు.

"అంటే అమ్మాయ్, ఆకలితో పోయాయా?"

"అవును తాతగారూ."

"నేనే పస్తు పెట్టానంటావు."

ఆమె మర్యాద తెలిసిన పిల్ల. సీసాకు మూత బిగించుకుంది.

కాన్జిరో మళ్లీ పట్టణ కార్యాలయం మెట్లెక్కాడు. చలికాలం నాలుగు నెలలూ శుద్ధి కాస్త సడలించమని అర్జీ. గుమాస్తా రెండుసార్లు చదివాడు.

"నీళ్లు కొంచెం తక్కువ శుభ్రంగా వదలమంటున్నారు. అంతేనా ఇసోబే గారూ?"

"అంతే."

"కారణం అన్నచోట ఏం రాయమంటారు?"

"ఆకలి అని రాయి బాబూ."

దీని మీద సభ పెట్టారు. అడ్డుపడింది సరస్సు రక్షణ సంఘమే. అందులో ఇప్పుడున్నది పట్నంలో ఉద్యోగాలు చేసి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు. వాళ్లలో ఒకావిడ లేచి, ఈ సంఘం పెట్టిన మహానుభావుడు బతికుంటే ఎంత బాధపడేవారో అంటూ కళ్లు తుడుచుకుంది. మూడో వరసలో కాన్జిరో చెయ్యెత్తాడు.

"బతికే ఉన్నానమ్మా. బాధపడుతూనే ఉన్నాను."

ఎవరూ నవ్వలేదు. కాసేపయ్యాక మేయరు మాత్రం దగ్గు వచ్చినట్టు బయటికి వెళ్లాడు.

చట్టం ఒప్పుకున్నంత మేరకు రెండు చలికాలాలు సడలించి చూశారు. శుద్ధి కేంద్రం కాలువ పడేచోట నాచు నల్లబడింది. ఒకప్పుడు ముక్కు మూసుకుని తప్పుకున్న ఆ చోటు కోసం, వలలు కట్టుకోవడానికి నాదంటే నాదని జాలర్లు కొట్టుకున్నంత పనిచేశారు. తగవు తీర్చమని కాన్జిరో దగ్గరికే వచ్చారు. చీట్లు వేసుకోండని పంపేశాడు.

గుల్లలు ఇంకా సరిగా రాలేదు. ఎనభై ఒకటో ఏట కూడా అతను వారానికోసారి దిగి గీకుతున్నాడు. పోయిన మార్చిలో పదహారు దొరికితే, ఏడు నీళ్లలో వదిలేసి తొమ్మిది ఇంటికి తెచ్చాడు.

"వదిలేవాడివి అన్నీ వదలక, ఈ తొమ్మిదీ ఎందుకు తెచ్చావయ్యా?" అంది ఫుసానో.

"కడుపు నిండా తింటున్నాయో లేదో, తెరవకుండా ఎట్లా తెలుస్తుందే?" అన్నాడు, గిన్నె ముందుకు జరుపుకుంటూ.