దువ్వెన ఉన్న ఎక్స్‌రే గది

ఏలూరులో ఎక్స్‌రేలు తీసే వరదానానిది నున్నటి బట్టతల. అయినా జేబులో దువ్వెన, బల్ల మీద పౌడరు డబ్బా ఉండాల్సిందే. యంత్రాన్ని చూసి పిల్లలు కెవ్వుమనగానే, "ఫోటోకి ఇలాగేనా వచ్చేది?" అంటూ వాళ్ల తల దువ్వుతాడు. మోకాలి ఎక్స్‌రేకైనా సరే, బుగ్గలకు పౌడరు అద్దుతాడు.

ఆ రోజు కొల్లేటి లంక నుంచి నాలుగేళ్ల రమ్యశ్రీని తీసుకొచ్చారు. చేపల చెరువు గట్టు మీద నుంచి పడి మణికట్టు వాచిపోయింది. పౌడరు రాయించుకుంది గానీ చెయ్యి కదపకుండా ఉంచదు. రెండు ఫిల్ముల్లోనూ బొమ్మ చెదిరిపోయింది. ఎముక విరిగిందో లేదో తేలడం లేదు.

"అమ్మ లేకుండా ఫోటో ఏంటండీ?" అంది పిల్ల ఏడుస్తూ.

వరదానం కళ్లు మెరిశాయి. "నిజమే తల్లీ!" అంటూ గుమ్మంలో నిలబడ్డ తల్లిని లోపలికి పిలిచాడు. కిరణాలు తగలకుండా సీసపు ఏప్రాన్ తొడిగి, "ముందు మీరూ తల దువ్వుకోండమ్మా" అని దువ్వెన అందించాడు. ఆమె కూతురి వేళ్లు పట్టుకుంది. ఈసారి చెయ్యి కదల్లేదు.

ఫిల్ములు కడిగే చీకటి గదిలోంచి తడి ఫిల్ముతో పరుగున వచ్చి కిటికీ వెలుగులో ఎత్తి పట్టాడు. "చిన్న చీలికేనండీ! కట్టేస్తే అతుక్కుపోద్ది!"

రమ్యశ్రీ చీలికను చూడలేదు. తన బుల్లి ఎముకలను పట్టుకున్న పెద్ద ఎముకలనూ, వాటి మీద తెల్లగా మెరుస్తున్న ఉంగరాన్నీ చూసింది.

"అమ్మా! నువ్వూ వచ్చావే!"