ఎర్రపెట్ట సాక్ష్యం వద్దన్న కోడలు

సుహాసిని మా వీధికి కోడలిగా వచ్చి నాలుగేళ్లయింది. నెల్లిమర్ల జూటుమిల్లులో పనిచేసే ఆయన కూతురు. పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి రెండే, ఒక కుట్టుమిషను, ఒక నోరు. మిషను అప్పుడప్పుడూ ఆగుతుంది.

పెళ్లయిన నెలకే మొగుడు దేవేంద్రను కూర్చోబెట్టి, గజపతినగరంలో జాకెట్ల కొట్టు పెట్టి నిలదొక్కుకునేదాకా పిల్లలు వద్దంది. దేవేంద్ర సరేనన్నాడు. అతను దేనికైనా సరేనంటాడు, అది వేరే సంగతి. మూడేళ్లపాటు రోజూ అన్నం తిన్నాక ఒక మాత్ర వేసుకుంది. దొంగతనంగా కాదు, మాత్రల రేకు మిషను సొరుగులో దారపు కండెల పక్కనే ఉండేది. కొట్టు నిలబడింది. పెళ్లిళ్ల రోజుల్లో జాకెట్లకోసం వచ్చే ఆడవాళ్ల వరస రైలుగేటు దాకా ఉంటుంది, కావాలంటే వెళ్లి చూసుకోండి. మొన్న శివరాత్రికి మాత్రలు ఆపేసింది. అదీ దాచలేదు. ఇక మాకు పిల్లలు కావాలని అత్త తవిటమ్మకి నోరారా చెప్పింది.

చెప్పడమే తప్పయింది. తవిటమ్మ చెడ్డమనిషి కాదు గానీ ఏ మాటా ఆమె కడుపులో పూట కూడా ఉండదు. ఉగాదికి ఊరంతా తెలిసింది. శ్రీరామనవమికి రాయగడ వెళ్లే రైల్లో ముక్కూమొహం తెలియని మనిషెవరో దేవేంద్రని ఏమన్నా విశేషమా అని అడిగాడట. నెల దాటింది, రెండు దాటాయి, నాలుగు దాటాయి. కుళాయి దగ్గర బిందె పెట్టిన ప్రతి ఆడదీ ముందు సుహాసిని పొట్ట చూసేది, తర్వాతే మొహం చూసేది. ఆ మాత్రలు కడుపులో సున్నంలా పేరుకుపోతాయని ఒకరు, మింగినన్ని ఏళ్లూ పడితే గానీ కరగవని ఇంకొకరు. నేను మాత్రం ఏమీ అనలేదు. పక్కింటావిడ అడిగితే, మొత్తం మీద ఒక బస్తాడు మింగి ఉంటుందేమో అన్నాను, అంతే.

ఇవన్నీ విని విని సుహాసిని ఆసుపత్రికి వెళ్లి డాక్టరమ్మనే అడిగింది. మాత్రలు ఆపాక ఒంట్లో ఏమీ పేరుకోదని, కొందరికి వెంటనే కడుపు నిలుస్తుందని, కొందరికి ఏడాది పడుతుందని ఆవిడ చెప్పింది. ఏడాదికీ రాకపోతే మొగుడూ పెళ్లాం ఇద్దరూ పరీక్షలకి రావాలంది. ఈలోగా రోజుకొకటి వేసుకోమని పచ్చటి మాత్రలు ఇచ్చింది. కడుపు వస్తే, లోపలి బిడ్డకి వెన్నెముక బాగా కట్టడానికి అవి మంచివట. సుహాసిని వాటినీ తెచ్చి ఆ సొరుగులోనే పెట్టింది.

ఆషాఢం మొదట్లో తవిటమ్మ సూది కోసం సొరుగు లాగింది. రేకు కనబడింది. కోడలు ఇంకా మింగుతూనే ఉంది, పైకి మాత్రం పిల్లలు కావాలంటోందని ఆమెకి గుండె మండింది. ఉన్న మాత్రలన్నీ ఊడదీసి పెరట్లోకి విసిరికొట్టింది. ఇంట్లో ఎర్రపెట్ట ఒకటి ఉంది. అది నూకలనుకుని ఒక్కటి మిగల్చకుండా తినేసింది.

సాయంత్రం సుహాసిని అసలు సంగతి చెప్పింది. రేకు మీద ఉన్నది చదివి వినిపించింది కూడా. తవిటమ్మ వినలేదు. రేకులో ఉన్న మాత్రలన్నీ ఒక్కటేనంది. నమ్మేదేమో గానీ, సరిగ్గా ఆ వారమే ఎర్రపెట్ట గంపలో గుడ్డు పెట్టడం మానేసింది. పదిహేను రోజులు ఒక్క గుడ్డు లేదు. ఆ తర్వాత కోడే కనబడలేదు. ముంగిస పట్టుకుపోయి ఉంటుందని దేవేంద్ర అంటే, కాదు, గొడ్డుపోయానన్న సిగ్గుతో ఇల్లు వదిలిపోయిందని తవిటమ్మ ఊరంతా చెప్పింది. డాక్టరమ్మ మాటకి సాక్ష్యం లేదు. తవిటమ్మ మాటకి కోడి ఉంది. ఊరు కోడి పక్షం చేరింది.

ఇక్కడిదాకా సుహాసిని నవ్వి ఊరుకుంది. అసలు గొడవ ఉభాలతో వచ్చింది. ఉభాలంటే మావైపు వరినాట్లు. ఆ ఇంట్లో మొదటిరోజు మడి ఈశాన్యం మూల పసుపూ కుంకుమా చల్లి, పెద్దకోడలు దిగి మొదటి నారుకట్ట నాటాలి. అప్పుడే మిగతా ఆడవాళ్లు మడిలో కాలు పెడతారు. మూడేళ్లూ సుహాసినే నాటింది, ఏ ఏడూ గింజ తగ్గలేదు. ఈ ఏడు మాత్రం చిన్నకోడలు శ్రావణి చేత నాటిస్తానంది తవిటమ్మ. శ్రావణికి ఎనిమిది నెలల పాప. కోడికే గుడ్లు ఆపేసిన మాత్రలు మింగిన చెయ్యి, ఆ చెయ్యి పెడితే చేనంతా తాలు పోతుందని ఆమె భయం.

అది ఒక్క నారుకట్టతో పోయేది కాదు. ఊరందరి ముందూ ఈ ఏడు అది చేతిలోంచి జారిందంటే, వచ్చే ఏడు పేరంటం పిలుపు ఉండదు, ఆ పైఏడు ఎవరి సీమంతంలోనూ గాజులు తొడగనివ్వరు. అలా మూల కూర్చున్న ఆడవాళ్లని సుహాసిని పుట్టింటి వీధిలో చూసింది. దేవేంద్రని పట్టుకుంది.

"మాత్ర నేను మింగినాను గానీ, పిల్లలు అప్పుడే వద్దనుకున్నది ఇద్దరం కదేటి బావా. ఆ ఒక్క ముక్క మీ యమ్మతో సెప్పు."

దేవేంద్ర సరేనన్నాడు. అని, ఎడ్లకి గడ్డి వేయడానికి వెళ్లిపోయాడు.

శ్రావణం వచ్చి ఉభాల రోజు వచ్చింది. పొద్దున్నే తట్టలకోసం శ్రావణి పశువుల సాలలోకి వెళ్లి కేక పెట్టింది. అందరం పరిగెత్తాం. గోగునార కట్టల వెనక ఎర్రపెట్ట మహారాణిలా నిలబడి ఉంది, కాళ్ల చుట్టూ పిల్లలు. దొంగచాటుగా అక్కడే గుడ్లు పెట్టుకుని, అక్కడే పొదిగింది. పదకొండు పిల్లలు. నేను వీధి చివరికి వెళ్లేసరికి పద్దెనిమిది అయ్యాయి.

తవిటమ్మ మొహం చూడాల్సిందే. కాసేపు కోడిని, కాసేపు కోడల్ని చూసింది. పొలం గట్టు మీదికి వెళ్లాక, చీరలు ఎగదోపుకుని నిలబడ్డ పదిహేనుమంది ఆడవాళ్ల ముందు తనే నారుకట్ట తీసి సుహాసినికి అందించింది.

"తీసుకోయే. కోడికే ఏటీ కానప్పుడు నీకేటవుతాది. నువ్వే నాటు."

అందరం హమ్మయ్య అనుకున్నాం. సుహాసిని చేతులు వెనక్కి కట్టుకుంది.

"వద్దత్తా."

గట్టు మీద అందరం ఇంకో అడుగు దగ్గరికి జరిగాం.

"కోడి పిల్లల్ని సేసిందని ఇస్తన్నావు. రేపు గద్ద తన్నుకుపోతే మళ్లీ లాగీసుకుంటావు. నాకు పిల్లలు పుడితే పుడతారు, పుట్టకపోతే లేదు. ఎలాగైనా నేనే ఈ ఇంటి పెద్దకోడల్ని, ఈ కట్ట నాది. అలాగని ఇస్తే తీసుకుంటాను. లేపోతే ఆ ఎర్రపెట్టనే దింపు మడిలోకి, అదే నాటుతాది."

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తవిటమ్మ చెవులు మిరపపండులా అయ్యాయి. కట్ట తీసుకెళ్లి శ్రావణి వైపు చాపింది. శ్రావణి పాపని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుని, తనకి నడుం పట్టేసిందని, ఈ ఏడు వంగలేనని చెప్పింది. నిన్న సాయంత్రం అదే నడుంతో ఆమె రెండు బిందెలు మోయడం నేను చూశాను.

అప్పుడు దేవేంద్ర గొంతు సవరించుకున్నాడు. నాలుగేళ్లలో అతని నోటి నుంచి సరే కాని మాట రావడం నేను విన్నది అదే మొదలు.

"అమ్మా, అప్పుడు పిల్లలొద్దన్నది నేనూను. దాని సెయ్యి పనికిరాదంటే నా సెయ్యీ పనికిరాదు. మరి ఈ మడి దున్నింది నేనే. ఏటి సేద్దామంటావు?"

దున్నిన మడిని మళ్లీ బీడు చేయలేం కదా. తవిటమ్మ మడిని చూసింది, ఎక్కుతున్న పొద్దుని చూసింది. పదిహేనుమంది తననే చూస్తున్నారు. తిరిగొచ్చి కట్టని సుహాసిని చేతుల్లో పెట్టింది. గొంతులో ప్రేమా లేదు, కోపమూ లేదు.

"పొద్దెక్కిపోతన్నాది. పెద్దకోడలా, దిగు."

సుహాసిని దిగింది. మోకాలి లోతు బురదలో ఆమె వేసిన మొదటి వరస మిషను మీద కుట్టినంత తిన్నగా ఉంది.

ఆ తర్వాత సుహాసిని మళ్లీ పచ్చమాత్రలు తెచ్చుకుంది. తవిటమ్మ ఆ రేకుని కోళ్లకి అందకుండా అటక మీద పెడుతోంది, అన్నం కాగానే తనే దింపి ఇస్తోంది.

ఉభాలయిన పదిరోజులకి కుళాయి దగ్గర ఆరుగురం ఉన్నాం. సుహాసిని బిందెతో వచ్చింది. కళ్ల కింద కాస్త ఎరుపు ఉంది. బిందె పెట్టి, నడుం మీద చేయి వేసుకుని మా అందరి వైపూ తిరిగింది.

"ఈసారీ నెల తప్పలేదు. ఆర్నెల్లయినాది. ఇంకో ఆర్నెల్లు సూస్తాం. అప్పటికీ లేకపోతే నేనూ మా బావా ఇద్దరం ఆసుపత్రికి ఎళ్తాం. నేనే సెప్పీసినాను, ఇంక మీకు అడిగే శ్రమ లేదు."

ఎవరూ పొట్ట వైపు చూడలేదు. ఆమె నీళ్లు పట్టుకుని వెళ్లిపోయింది. నేను ఇంటి దగ్గర నుంచి సిద్ధం చేసుకొచ్చిన ప్రశ్న ఒకటుంది. దాన్ని అలాగే బిందెతో పాటు ఇంటికి మోసుకుపోయాను.