జేజి మెడలో రోమ్ రాణి

నా చిన్నప్పుడు, మా అమ్మ చనిపోయిన రోజున నాకు ఏడుపు రాలేదు. రాచర్ల నుంచి మేనత్తలు వచ్చి గుండెలు బాదుకుని ఏడ్చారు. నేను గడపలో కూర్చుని వాళ్లను చూశాను. ఆకలి కూడా తెలియలేదు. పిల్ల రాయైపోయింది అన్నారు.

ఆ తర్వాత మా ఇంట్లో ఎవరైనా అమ్మ మాట ఎత్తితే ఒట్టు. నేను బెంగపడతానని అమ్మ చీరలన్నీ నాయన మూటగట్టి అటకెక్కించాడు. ఫోటో ఒక్కటీ లేదు. నెమ్మదిగా అమ్మ ముఖం నాకు గుర్తు రావడం మానేసింది. అది ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

మా జేజి, అంటే నాయన తల్లి, మెడలో తాడుకు ఒక వెండి నాణెం వేసుకునేది. మెట్టచేలో కలుపు తీస్తుంటే దొరికిందట. దాని మీద పక్కకు తిరిగిన ఆడమనిషి ముఖం, నెత్తిన కొప్పు. లక్ష్మీదేవి అని ఊళ్లోవాళ్లు దండం పెట్టబోయారు, విగ్రహం తీసెయ్యమని మేం వెళ్లే చర్చి పాస్టరుగారు కోప్పడ్డారు. జేజి ఒకరి మాట వినే రకమా! చివరికి మా బడి టీచరమ్మ చూసి, అది ఓడ వర్తకులు తెచ్చిన రోమ్ నాణెమని, ఆమె అక్కడి చక్రవర్తి భార్య అని చెప్పింది.

ఒక మధ్యాహ్నం జేజి నాకు తల దువ్వుతూ ఉన్నట్టుండి ఆ నాణెం నా చేతిలో పెట్టింది.

“ఈమె సచ్చిపోయినాక ఏయించినాడంట ఆ రాజు, ఈ బొమ్మ. మొగం దాసిపెట్టలా. ఊరూరికీ పంపినాడు. మీ నాయన జూడు, కోకలు గూడా దాసిపెట్టినాడు!” అంది. అని, నాయనను కేకేసింది. “ఒరే, ఇట్ల రా. దీని తల్లి ఎట్లుండేదో చెప్పు.”

నాయన వచ్చి నిలబడ్డాడు. తర్వాత కూలబడి, “ముక్కు రవ్వంత వంకర. నవ్వితే పన్ను మీద పన్ను కనపడేది” అన్నాడు. ఆగి, “కూరలో ఉప్పు ఎప్పుడూ ఎక్కువే” అన్నాడు. జేజి ఫక్కున నవ్వింది. నాయన ఏడ్చాడు. నాకు ఆ రోజు కూడా ఏడుపు రాలేదు గానీ, వంకర ముక్కు, పన్ను మీద పన్ను, అమ్మ ముఖం తిరిగి వచ్చింది. ఈ వయసులోనూ ఉంది.

మొన్న మా ఆయన పోయినప్పుడు ఇంట్లో అందరూ గొంతులు తగ్గించారు. నేను మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, మీ తాత చెవులు ఎంత పెద్దవో చెప్పడం మొదలుపెట్టాను.