ముందు మీ వేలు పొడుచుకోండి

మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక మా కోడలు టీవీలో ఛానళ్ళు మారుస్తుంటే ఆ పాత డబ్బింగు సినిమా కనబడింది. ఉండనీ అమ్మాయీ అన్నాను గానీ, పది నిమిషాలైనా కుదురుగా కూర్చోలేక వరండాలోకి వచ్చి, ఎడమ పాదాన్ని వేలితో నొక్కి సొట్ట పడుతోందేమోనని చూసుకున్నాను. దెయ్యం సినిమాకీ పాదానికీ సంబంధమేమిటంటారా, అదే చెబుతాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజులవి. నేను ఏలూరులో ఉంటూ బోదకాలు సర్వేకి తిరిగేవాణ్ణి. మన వయసువాళ్ళకి తెలిసిందే, ఆ జబ్బు పురుగులు పగలంతా ఒంట్లో ఎక్కడో దాక్కుని రాత్రయితే గాని నెత్తుట్లోకి రావు, కనక మేమూ చీకటిపడ్డాకే సూదులూ స్లైడులూ పెట్టెలో పెట్టుకుని కొల్లేటి పల్లెల్లో తలుపులు తట్టేవాళ్ళం. దోమలు తాగగా మిగిలింది మీకా బాబూ అని ఎకసెక్కాలాడుతూనే జనం వేలు చాచేవారు. మా అమ్మకి రెండూ బోదకాళ్ళే. ఆ కాళ్ళు కడిగి తుడిచిన చేతులతోనే ఈ ఉద్యోగంలో చేరాను. అయినా ఊళ్ళకి ఊళ్ళ వేళ్ళు పొడిచినవాణ్ణి, నా వేలు మాత్రం ఒక్కనాడూ పొడుచుకోలేదు. భయమండీ, వట్టి భయం. మా ఆవిడ అడిగినప్పుడల్లా రేపు చూద్దాంలే అని దాటేసేవాణ్ణి.

అంతలో ఆ సినిమా వచ్చింది. రక్తపిశాచిగా మారిపోయిన ఒక తండ్రి రోజూ రాత్రి కూతురి గుమ్మం ముందు నిలబడతాడు. లోపలివాళ్ళు రమ్మంటే తప్ప గడప దాటలేడు, దాటితే ఆ పిల్ల నెత్తురే తాగాలి, అందుకని నన్ను పిలవకమ్మా అని ఏడుస్తూ ఆకలికి ఎండిపోతాడు. భయపడదామని వెళ్ళిన ఆడవాళ్ళంతా కొంగులు తడుపుకుని వచ్చారు, మా ఆవిడతో సహా. నాకు మాత్రం హాల్లో ఊపిరాడలేదు. రాత్రిపూట గుమ్మాల ముందు నెత్తురడిగేవాణ్ణి నేనూనూ!

కేబుల్‌వాళ్ళు దాన్ని పల్లెల్లో కూడా వేసేసరికి మా పని గోవిందా అయింది. లోపలికి రండి, మజ్జిగ పుచ్చుకోండి అన్నవాళ్ళే తలుపు సందులోంచి పొద్దున రండి బాబూ అనడం మొదలెట్టారు. పొద్దున వెళితే పురుగు దొరకదాయె.

కలిదిండి వైపు చేపల చెరువు గట్టున ఒకే ఇంటికి మూడు రాత్రులు తిరిగాను. ఆ ఇంటి ముసలావిడకి బోదకాలు, పదేళ్ళ మనవరాలికి వదిలి వదిలి జ్వరం. మొదట్లోనే పట్టుకుంటే మాత్రలతో పోతుంది, లేకపోతే ఆ పిల్లకీ మామ్మ కాలే వస్తుందేమోనని నా ఆత్రం. ముసలావిడ పాపం కాలీడ్చుకుంటూ వచ్చి తలుపు తీసేది, పిల్ల మంచం కింద దూరి పిశాచి పిశాచి అని కేకలు పెట్టేది. మూడోనాడు చిర్రెత్తి, నేను పిశాచినైతే మీ మామ్మ తలుపెందుకు తీస్తుందే అని కసిరాను. మంచం కిందనుంచి గొంతు వినబడింది.

"పిశాచికి సొంత రక్తం ఉండదండి. ముందు మీ వేలు పొడుచుకోండి, చూస్తాను."

ముసలావిడ పకపకా నవ్వింది. "అడిగింది కదా, పొడుచుకోండి బాబూ, పోయేదేముంది?"

పోయేదేమిటో నాకొక్కడికే తెలుసు. పెట్టె మూసేద్దామనుకునేలోగా పిల్ల తల బయటపెట్టి, టార్చిలైటు నా చేతి మీద వేసింది. కళ్ళు మూసుకుని పొడుచుకున్నాను.

"ఉందే మామ్మా, ఎర్రగా ఉంది!" అంటూ వచ్చి నా పక్కన కూర్చుని తన వేలు చాచింది. నా నెత్తుటి చుక్కని తుడిచేసుకోవచ్చు. ఎందుకో మనసొప్పక దాన్నీ స్లైడు మీద పట్టి, పేరు రాయకుండా పిల్లదాని స్లైడు పక్కనే పెట్టాను.

ఆ తరవాత నాలుగు రోజులు నాకు తిండి సయించలేదు. పరీక్ష చేసే ఆయన పిలిచి, ఆ పిల్లకేమీ లేదు గానీ పేరులేని స్లైడు ఎవరిదండీ, అందులో పురుగులున్నాయి అన్నారు. నాదేనండి అన్నాను. మాత్రలు మింగాను, అమ్మ కాలు నాకు రాలేదు.

మళ్ళీ ఆ గట్టుకి వెళ్ళి నీకేమీ లేదమ్మా అని చెప్పాను. పిల్ల గంతులేసి, మరి మీకండీ అని అడిగింది. నాకూ ఏమీ లేదన్నాను.

ఇప్పుడు రాత్రిపూట ఎవరు బెల్లు కొట్టినా మా ఇంట్లో కిటికీలోంచే మాట్లాడి పంపేస్తున్నారు, రండి అనే మాటే వినబడటంలేదు. ఆ పిల్లకిప్పుడు పిల్లలుండి ఉంటారు. నా కాలు నిలబెట్టింది తనేనని ఆమెకి ఇప్పటికీ తెలియదు.