రోజుకు మూడు చావులు

భద్రతా వారోత్సవాలు వచ్చాయంటే నేను రోజుకు మూడుసార్లు చచ్చిపోయేవాణ్ణి. పాశమైలారం ఫ్యాక్టరీల్లో కార్మికుల కోసం మేం వేసే చిన్న నాటికలో హెల్మెట్ పెట్టుకోని కార్మికుణ్ణి నేనే. మా బృందమంతా కలిపి ముగ్గురం. సూపర్‌వైజర్ వేషం డోలు వాయించే పెద్దాయనది. నా భార్య వేషం సంగారెడ్డిలో బట్టలు కుట్టే ఒకామెది, నాకు చెల్లె లాంటిది. నా నెత్తిన డబ్బా పడుతుంది, నేను చస్తాను, ఆమె ఏడుస్తుంది, పెద్దాయన నీతి చెబుతాడు. అందరం లేచి దండం పెడతాం.

నా అసలు నాటకం వేరే ఉండేది. నేనే రాసిన రెండున్నర గంటల నాటకం. ఆదివారాలు పటేల్‌గూడలో నేను కిరాయికుండే ఇంటి మిద్దె మీద రిహార్సల్. అందులో నేను రాజును. రాజుకు పదకొండు పేజీల ప్రసంగం రాసుకుని బస్సులో, ఆటోలో, రాత్రిళ్లు నిద్ర మాని వల్లె వేసేవాణ్ణి. శవంగా పడుకున్నప్పుడు కూడా లోపల అదే నడిచేది. నిజానికి రోజు మొత్తంలో నాకు దొరికే తీరిక ఆ ఆరు నిమిషాలే.

"అన్నా, నీ కండ్లు సూస్తె భయమైతున్నది. జెర పండుకో," అనేది చెల్లె.

"నాటకం అయినంక పండుకుంట," అనేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ఒక మందుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో అలాగే చచ్చాను. గచ్చు చల్లగా ఉంది. సరిగ్గా పైన ఫ్యాను. ప్రసంగంలో మూడో వాక్యం దాకా వచ్చినట్టు గుర్తు. ఆ తర్వాతది వాళ్లు చెబితే తెలిసింది.

దండం పెట్టే సమయానికి నేను లేవలేదట. చెల్లె నన్ను గిల్లి, మళ్లీ మొదటినుంచి ఏడ్చింది. పెద్దాయన నీతి రెండోసారి, మూడోసారి చెప్పాడు. అప్పుడు ఆమె నిజంగానే బెదిరిపోయి, "అయ్యో, లేస్తలేడు, సూడుండ్రి!" అని కేక పెట్టింది. ఫ్యాక్టరీ భద్రతాధికారి ఇదంతా మేం కలిపిన కొత్త సీను అనుకున్నాడు. సంబరంగా విజిల్ ఊది స్ట్రెచర్ తెప్పించాడు. దానికి కొన్ననాటి ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. దాని మీద నేను జారిపోతుంటే నలుగురు అదిమి పట్టుకుని పరుగెత్తారు. వెనక చెల్లె ఏడుస్తూ ఉరికింది. "శభాష్ అమ్మా, గట్లనే ఏడువు, తగ్గకు!" అని అరిచాడు భద్రతాధికారి.

ప్రథమ చికిత్స గదిలో నర్సమ్మ నాడి పట్టుకుని చూసింది.

"సచ్చుడు కాదు, ఏం కాదు. గుర్రు పెడుతుండు."

ఆ మాటకు నేను లేచి కూర్చుని, కళ్లు మూసుకునే, "ఓ నా ప్రజలారా!" అన్నానట. గుమ్మంలో గుమిగూడిన ప్రజలు రెండడుగులు వెనక్కి వేశారు. నర్సమ్మ మాత్రం జంకలేదు. నా భుజం మీద చెయ్యేసి, "పండుకో రాజా. నీ రాజ్యం యాడికీ పోదు," అంది. పడుకున్నాను. కానీ పడుకునే పదకొండు పేజీలూ అప్పజెప్పానట.

సాయంత్రం మెలకువ వచ్చేసరికి చెల్లె పక్కనే స్టూలు మీద కూర్చుని ఎవరిదో జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. భద్రతాధికారి వచ్చి చెయ్యి కలిపి, వచ్చే ఏడు కూడా ఇదే కావాలన్నాడు. పెద్దాయన నన్ను బయటికి తీసుకెళ్లి చాయ్ తాగించాడు.

"తమ్మీ, నీ రాజు మాటలు మొత్తం ఇన్న. రెండు పేజీలు మంచిగున్నయి."

"మిగిలిన తొమ్మిదీ?"

"అప్పుడు నాకు గూడ నిద్రొచ్చింది."

అందరి ముందూ స్ట్రెచర్ మీద మోయించుకున్నందుకు నాకు సిగ్గనిపించలేదు. ఈ మాటకు మాత్రం ముఖం మాడిపోయింది. వారం రోజులు ఆయన ఫోను చేస్తే నేను ఎత్తలేదు. ఆ వారమంతా నిద్రపోయాను. తర్వాత కూర్చుని ఆ తొమ్మిది పేజీలూ, మిగతా నాటకంలో సాగదీసిందంతా కొట్టేశాను. వానాకాలంలో సంగారెడ్డిలో ఒక కాలేజీ హాల్లో గంటంబావు నాటకం వేశాం. చెల్లె ముందు వరసలో కూర్చుని చివరిదాకా చూసింది. బయటికొచ్చాక, ఆ కొట్టేసిన వాటిలో ఐదో పేజీ ఉంచాల్సిందని నాతో కొట్లాడింది.